సరిచూసుకునే చదువరి: ఒక జర్మన్ కంప్యూటర్ పత్రిక కథ



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారు జీవితమంతా పత్రికలకు చందా కట్టి చదివారు, ఏటేటా బైండు చేయించి దాచారు. అందుకే పత్రికకూ చదువరికీ ఉండే సంబంధం గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. తెలుగు పత్రికల మీద ఈ వేదికపై ఇంతకుముందే మంచి ప్రసంగాలు వచ్చాయి. నేను దూరదేశపు పత్రికనొకదాన్ని ఎంచుకున్నాను. జర్మనీలోని హానోఫర్ నగరం నుంచి 1983 చివరి నుంచీ వస్తున్న కంప్యూటర్ పత్రిక అది. అట్ట మీద సి అనే అక్షరం, ఒక అపాస్ట్రఫీ గుర్తు, టి అనే అక్షరం ఉంటాయి. అక్కడివాళ్లు 'త్సే-టే' అంటారు.

ఇంత పెద్ద లోకంలో ఈ పత్రికే ఎందుకంటే, చదువరిని తన మాట నమ్మమని అడగడంతో అది ఆగలేదు. నమ్మే ముందు సరిచూసుకునే సాధనాన్ని కూడా అతని చేతిలో పెట్టింది. నలభై ఏళ్లలో అది చేసిన మేలైన పనులన్నీ ఈ ఒక్క అలవాటు నుంచి పుట్టినవేనని నా అభిప్రాయం.

ఆ అలవాటుకు మూలం మరో పత్రికలో, మరో రకం చదువరుల దగ్గర కనిపిస్తుంది. జర్మనీలో సొంత కంప్యూటర్ల గురించిన తొలి పత్రికల్లో ఒకటైన 'చిప్' 1978లో వ్యూర్త్స్‌బుర్గ్ నగరంలోని ఫోగెల్ ప్రచురణ సంస్థ నుంచి వచ్చింది. తర్వాత కమడోర్ 64 అనే చిన్న కంప్యూటర్ జర్మనీ ఇళ్లను ముంచెత్తింది. బ్రౌన్‌ష్వైగ్‌లో కమడోర్ సంస్థకు ఫ్యాక్టరీయే ఉండేది. ఆ ఒక్క కంప్యూటర్ కోసం మ్యూనిక్ పక్కనున్న హార్ నుంచి మార్క్ట్ ఉంట్ టెక్నిక్ సంస్థ 1984 ఏప్రిల్‌లో '64-ఎర్' అనే మాసపత్రిక మొదలుపెట్టింది.

అప్పట్లో ప్రోగ్రాములు పత్రికలో అచ్చయ్యేవి. ఆటైనా, లెక్కల ప్రోగ్రామైనా, బొమ్మలు గీసేదైనా పుటల కొద్దీ వరసలు ఉండేవి. బడి నుంచి వచ్చిన పిల్లవాడు పత్రికను ఒళ్లో పెట్టుకుని, ఆ వరసలన్నీ తన కీబోర్డు మీద కొట్టుకోవాలి. బేసిక్ భాషలో రాసినవైతే కొంత అర్థమయ్యేవి. యంత్రభాషలో రాసినవి మాత్రం ఉత్త అంకెలూ అక్షరాలూ. వాటిలో ఒక్క అంకె తప్పినా మూడు సాయంత్రాల శ్రమ వృథా. నడిపించగానే తెర స్తంభించిపోతుంది, తప్పెక్కడ దొర్లిందో చెప్పే నాథుడు ఉండడు.

దీనికి 64-ఎర్ చూపిన ఉపాయం నాకు ఎంతో ఇష్టం. 'చెక్‌సమర్' అనే చిన్న ప్రోగ్రాముని ముందుగా కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలి. ఆ తర్వాత ప్రతి వరసా కొట్టి ఎంటర్ నొక్కగానే, ఆ వరసలోని అక్షరాలన్నిటినీ లెక్కగట్టి అది తెర మీద ఒక సంఖ్య చూపిస్తుంది. పత్రికలో ఆ వరస చివర అచ్చువేసిన సంఖ్యా, తెర మీది సంఖ్యా ఒకటైతే ముందుకు సాగవచ్చు. కాకపోతే ఆ వరసలోనే తప్పుంది. యంత్రభాష కోసం ఎమ్ఎస్ఇ అనే వేరే ప్రోగ్రాము ఉండేది. ప్రతి వరస చివరా సరిచూసే అంకెలు ఉంటాయి. అవి కుదరకపోతే అది తర్వాతి వరసకు పోనివ్వదు. పన్నెండేళ్ల పిల్లలు ఇలా నెలనెలా, వరస వరసా సరిచూసుకుంటూ పెరిగారు. అచ్చులో ఉన్నదీ తన చేతిలో ఉన్నదీ ఒకటేనా అని అడగడం వాళ్లకు వేళ్లకు పట్టిన అభ్యాసమైంది. ఆ తరం పెద్దదై ఇంజనీరింగ్ కళాశాలలకూ, కంపెనీల కంప్యూటర్ గదులకూ వెళ్లింది. వాళ్లలో చాలామంది చదువుతూ వచ్చిన పత్రిక త్సే-టే.

త్సే-టే పుట్టింది ఒక చిన్న అనుబంధంగా. హానోఫర్‌లో హైన్జ్ హైజె 1949లో స్థాపించిన ప్రచురణ సంస్థ టెలిఫోన్ డైరెక్టరీలు వేసేది. ఎలక్ట్రానిక్స్ సరదా ఉన్నవాళ్ల కోసం 'ఎల్‌రాడ్' అనే పత్రిక కూడా నడిపేది. ఎల్‌రాడ్ లోపలి కంప్యూటర్ విభాగం పెరిగి పెరిగి, 1983 నవంబర్-డిసెంబర్ సంచికగా విడిగా బయటికొచ్చింది. క్రిస్టియన్ పెర్సోన్ చాలా ఏళ్లు దాని ప్రధాన సంపాదకుడు. అదే డిసెంబర్ 15న కార్ల్స్‌రూహెలోని రాజ్యాంగ న్యాయస్థానం జనగణన కేసులో తీర్పిచ్చింది. తన వివరాలు ఎవరికి ఎంతవరకు తెలియాలో నిర్ణయించుకునే హక్కు మనిషిదేనని చెప్పిన తీర్పు అది. ఒక దేశంలో కంప్యూటర్ మీద కుతూహలం, కంప్యూటర్ మీద భయం ఒకే శీతకాలంలో రూపం దిద్దుకున్నాయి. ఆ రెంటినీ కలిపి చూడకపోతే ఈ పత్రిక చదువరులు మనకు అర్థం కారు.

తొలి చదువరి చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉండేది. ఆ రోజుల్లో త్సే-టే కంప్యూటర్‌ను కొనమని చెప్పడం కన్నా కట్టుకోమని చెప్పడమే ఎక్కువ. 'త్సే-టే 86' పేరుతో ఇంటెల్ 8086 ప్రాసెసర్ మీద నడిచే యంత్రాన్ని ఎలా తయారుచేసుకోవాలో సర్క్యూట్ పటాలతో సహా ఇచ్చింది. 'ఎమ్‌త్సే' అనే పోటీ పత్రికలో రోల్ఫ్-డీటర్ క్లైన్ ఇలాంటి పనే చేశాడు. అతని ఎన్‌డిఆర్ చిన్న కంప్యూటర్‌ను టీవీ పాఠాలు చూస్తూ జనం ఇళ్లలో కట్టుకున్నారు. పటం ముందుంటే యంత్రంలో దాపరికం ఉండదు. ఏ తీగ ఎక్కడికి పోతోందో తెలిసిన మనిషి, కంపెనీ చెప్పే మాటను వేరే చెవితో వింటాడు.

ఆ రోజుల్లోనే ఇంకో చిక్కు ఉండేది. టెలిఫోన్ తీగ తపాలా శాఖ సొత్తు. దాని ఆమోదముద్ర లేని మోడెమ్‌ను ఆ తీగకు తగిలిస్తే నేరం. ఇలాంటి నిబంధనల మధ్య బతికిన సాంకేతిక చదువరికి చట్టం కూడా చదవక తప్పలేదు. తర్వాతి కాలంలో ఈ పత్రికలో సర్క్యూట్ పటం పక్కనే కోర్టు తీర్పు మీద వ్యాసం ఉండడం ఎవరికీ వింతగా తోచకపోవడానికి ఇదొక కారణం అనుకుంటాను.

1990లు వచ్చేసరికి కట్టుకునే కాలం పోయి కొనుక్కునే కాలం వచ్చింది. ఆఖెన్ నుంచి వచ్చిన ఫోబిస్, దానితో పోటీపడిన ఎస్కోమ్ లాంటి దుకాణ సంస్థలు వీధివీధినా పీసీలు అమ్మాయి. ఆ ప్రకటనలన్నీ పత్రికల్లోకి వచ్చి పడ్డాయి. త్సే-టే ఒక్కో సంచిక నాలుగు వందల పుటలు దాటింది. టెలిఫోన్ డైరెక్టరీలు వేసే సంస్థకు ఆ మందం కొత్త కాదు గానీ, తపాలా బంట్రోతు సంచికి బరువే. చివరికి 1997 అక్టోబర్ నుంచి రెండు వారాలకొకసారి వెలువడసాగింది. ఈ శతాబ్దం తొలి ఏళ్లలో మూడు లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యేవి. వాటిలో పెద్ద వాటా చందాదారులది. ఇంత సాంకేతికమైన పత్రికకు, ఒకే భాషలో, అది అసాధారణమైన సంఖ్య.

ప్రకటనల వరదలో తీర్పు నిష్పక్షపాతంగా ఉండడం తేలిక కాదు. పది పుటల ప్రకటన ఇచ్చినవాడి కంప్యూటర్ హోరు పెడుతోందని పదకొండో పుటలో రాయాలి. త్సే-టే ప్రయోగశాలలో ఫ్యాను చప్పుడును కూడా కొలిచి అంకె వేసేవారు. ఏ యంత్రంతో, ఏ అమరికలతో కొలిచారో కూడా రాసేవారు. ఏటా చలికాలం ముందు తాము మేలనుకున్న పీసీకి విడిభాగాల పేర్లతో సహా ఒక నమూనా ప్రకటించేవారు. వేలమంది చదువరులు అచ్చంగా అవే భాగాలు కొని కట్టుకునేవాళ్లు. ఒక తప్పు సలహా ఇస్తే అది వేల ఇళ్లలో ఒకేసారి బయటపడుతుంది. పత్రికను జాగ్రత్తగా ఉంచింది సంపాదకుల సచ్ఛీలత ఒక్కటే కాదు, ఈ భయం కూడా. చందాదారులు ఎక్కువ కావడం ఆ ధైర్యానికి వెన్నుదన్ను అయింది.

ఒక చిన్న విషయం చెప్తాను. త్సే-టేలో వ్యాసం చివర ఆ వ్యాసానికి బాధ్యుడైన సంపాదకుడి పొడి అక్షరాలు, ఈమెయిల్ చిరునామా ఉంటాయి. పనిరోజుల్లో మధ్యాహ్నం ఓ గంటపాటు చదువరులు ఫోన్ చేసి సాంకేతిక సందేహాలు అడిగే ఏర్పాటు ఎన్నో ఏళ్లు సాగింది. ముందటి సంచికలో దొర్లిన తప్పులకు, కొత్తగా తెలిసిన సంగతులకు విడిగా ఒక శీర్షిక ఉండేది. ఆ శీర్షికను నేను గొప్ప గౌరవంతో చూస్తాను. మన పత్రికల్లో సవరణ అంటే ఒక మూల నాలుగు వరసల సన్న అక్షరం. అక్కడ అది చదువరి కష్టానికి ముట్టే ఫలితం.

కాగితం విలువను త్సే-టే ఎంత లోతుగా గ్రహించిందో 1997లో తెలిసింది. ఆ ఏడాది జర్మనీ హోంమంత్రి మాన్‌ఫ్రెడ్ కాంటర్, రహస్యలిపితో పంపే సందేశాలను ప్రభుత్వం చదవగలిగేలా కట్టడి ఉండాలన్నాడు. ఫిలిప్ జిమర్‌మాన్ 1991లో రాసిన పీజీపీ ప్రోగ్రాముతో మామూలు మనుషులు కూడా ఈమెయిల్‌ను తాళం వేసి పంపుకోగలిగే రోజులవి. పీజీపీలో ఒక కీలకమైన సమస్య ఉంది. మీ పేరుతో ఉన్న బహిరంగ తాళపుచెవి నిజంగా మీదేనని నాకెలా తెలుస్తుంది? నెట్‌లో ఎవరైనా మీ పేరు పెట్టుకోవచ్చు. ఎవరో ఒక నమ్మకస్తుడు మీ గుర్తింపు కార్డు చూసి, మీ తాళపుచెవి మీద తన సంతకం చేయాలి. మరి ఆ నమ్మకస్తుడి తాళపుచెవి అసలుదేనని ఎలా తెలుసుకోవాలి?

త్సే-టే ఆ నమ్మకస్తుడి పాత్ర తీసుకుంది. హానోఫర్‌లో జరిగే సెబిట్ సంతలో బల్ల వేసుకుని కూర్చుంది. ఎనభైలు, తొంభైలలో ప్రపంచంలోకెల్లా పెద్ద కంప్యూటర్ సంత అది. 2001లో ఎనిమిది లక్షలకు పైగా జనం వచ్చారు. చదువరులు గుర్తింపు కార్డు, తమ తాళపుచెవి ముద్రాంకం, అంటే దాన్ని గుర్తుపట్టే చిన్న అంకెల వరస, రాసిన కాగితం పట్టుకుని వరసలో నిలబడ్డారు. పత్రిక సరిచూసి, ఆ తాళపుచెవుల మీద తన డిజిటల్ సంతకం చేసింది. తన సొంత తాళపుచెవి ముద్రాంకాన్ని మాత్రం పత్రికలో, సంపాదకుల పేర్లు వేసే పుటలో అచ్చువేసింది. అచ్చయిన లక్షల ప్రతులను ఎవరూ రహస్యంగా మార్చలేరు. వెబ్ పుటను రాత్రికి రాత్రి మార్చవచ్చు. నిరుడు కొని అలమరలో పెట్టుకున్న సంచికను మార్చడం ఎవరి తరం? కంప్యూటర్ లోకం కాగితాన్ని పక్కకు నెడుతున్న రోజుల్లో, ఆ లోకపు పత్రికే కాగితాన్ని నమ్మకానికి లంగరుగా వాడుకుంది. 1999 జూన్‌లో జర్మన్ ప్రభుత్వం రహస్యలిపి మీద కట్టడి పెట్టబోమని ప్రకటించింది. అది ఈ పత్రిక ఒక్కదాని విజయం అనడం సరికాదు. కానీ ఆ చర్చలో తాళం ఎలా పనిచేస్తుందో తెలిసి మాట్లాడే పౌరులు వేలల్లో ఉండడంలో దీని వంతు ఉంది.

అదే పత్రిక 2015లో తన సంపాదకీయంలో పీజీపీని ఇక చావనివ్వమని రాసింది. రాసినవాడు యుర్గెన్ ష్మిట్, భద్రతా విషయాల్లో అక్కడ పేరున్న సంపాదకుడు. పీజీపీ సామాన్యుడికి ఎప్పటికీ అలవడదని, తాళపుచెవుల బట్వాడా పద్ధతే దెబ్బతిందని అతని వాదన. దాదాపు రెండు దశాబ్దాలు తాను జెండా మోసిన సాధనం గురించే అలా రాయగలగడం నాకు పెద్ద మాటగా కనిపిస్తుంది.

కంపెనీల మాటను సరిచూసిన ఉదంతాలు ఎన్నో ఉన్నాయి. రెండు చెప్తాను. 1999లో ఇంటెల్ సంస్థ పెంటియం 3 ప్రాసెసర్‌లో ఒక్కోదానికీ ఒక్కో క్రమసంఖ్య పెట్టింది. దాంతో నెట్‌లో మనిషి జాడ తీయవచ్చని గగ్గోలు పుట్టింది. ఆ సంఖ్యను ఆపివేసే వీలుందని, ఒకసారి ఆపితే యంత్రాన్ని మళ్లీ మొదలుపెట్టేదాకా అది బయటపడదని కంపెనీ చెప్పింది. యజమానికి తెలియకుండా సాఫ్ట్‌వేర్‌తోనే ఆ సంఖ్యను తిరిగి మేల్కొలపవచ్చని త్సే-టేలో ప్రాసెసర్ల శీర్షిక రాసే ఆండ్రెయాస్ ష్టిల్లర్ బయటపెట్టాడు. తర్వాత వచ్చిన పెంటియం 4లో ఆ క్రమసంఖ్య లేదు.

రెండోది 2002 నాటిది, మనకు దగ్గరిది. వేలిముద్ర, ముఖం, కనుపాప చూసి మనిషిని గుర్తుపట్టే పరికరాలను లీజా టాల్‌హైమ్, యాన్ క్రిస్లర్, పీటర్-మిఖాయెల్ త్సీగ్లర్ అనే ముగ్గురు ఆ పత్రిక కోసం పరీక్షించారు. కొన్ని వేలిముద్ర పరికరాల మీద ఊరికే నోటి ఆవిరి ఊదితే, అంతకుముందు వేలు పెట్టినవాడి జిడ్డు ముద్ర మళ్లీ లేచి తలుపు తెరుచుకుంది. పలచని సంచిలో నీళ్లు పోసి ఆనించినా అదే ఫలితం. ముఖం చూసే పరికరానికి ల్యాప్‌టాప్ తెర మీద బొమ్మ చూపితే చాలింది. కనుపాప పరికరానికి కంటి ఫోటో ముద్రించి, నల్లగుడ్డు ఉండేచోట రంధ్రం చేసి, దాని వెనక నిజమైన కన్ను పెట్టారు. ఏ పద్ధతిలో చేశారో అంతా రాశారు. ఎవరైనా ఇంట్లో చేసి చూసుకోవచ్చు. ఆ క్రిస్లరే తర్వాత 2014లో, ఉర్సులా ఫాన్ డెర్ లాయెన్ అనే మంత్రి వేలిముద్రను మామూలు ఫోటోల నుంచి తిరిగి తయారుచేసి చూపించాడు.

ఇది మనకు ఎందుకు దగ్గరిదంటే, 2018లో తెలంగాణలో ఒక సిమ్ కార్డుల పంపిణీదారును పోలీసులు పట్టుకున్నారు. రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి, వేరేవాళ్ల ఆధార్ పేరిట సిమ్‌లు తెరిచాడన్నది కేసు. రేషన్ దుకాణంలో, పింఛను దగ్గర, సిమ్ కొనేచోట మన వేలే మన సంతకమైపోయిన రాష్ట్రాలివి. వేలిముద్ర రహస్యపదం లాంటిది కాదనీ, పోతే మార్చుకోలేమనీ పదహారేళ్ల ముందే ఒక పత్రిక ఇంటి వంటగదిలో దొరికే వస్తువులతో రుజువు చేసింది. ఆ రుజువు మన భాషలో ఏ పత్రికలోనైనా సావకాశంగా వచ్చి ఉంటే, ఆధార్ మీద మన ఊళ్లలో జరిగిన చర్చ ఇంకో స్థాయిలో ఉండేదని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ పత్రిక చేతిపనుల్లో ఒకటి మన దేశానికీ వచ్చింది. కోఠిలో బండి మీద చవగ్గా పెన్ డ్రైవ్ కొన్నవాళ్లు ఈ సభలో చాలామందే ఉంటారు. పైన 64 జీబీ అని ఉంటుంది, కంప్యూటర్ కూడా అంతే చూపిస్తుంది. లోపల చిప్ అందులో ఎనిమిదో వంతే. లోపలి కంట్రోలర్‌కు అబద్ధం నేర్పి ఉంటారు. ఫోటోలన్నీ ఎక్కించాక కొన్ని నెలలకు తెరవబోతే ఏమీ ఉండదు. త్సే-టే సంపాదకుడు హారాల్డ్ బ్యోగెహోల్ట్స్ దీనికి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాము రాశాడు. అది డ్రైవ్ నిండా తనకు తెలిసిన లెక్క ప్రకారం అంకెలు రాస్తుంది, మళ్లీ మొదటి నుంచి చదివి సరిపోల్చుతుంది. బియ్యం బస్తాను ఇంటికి తెచ్చుకుని మన కాటా మీద మనమే తూచుకోవడం లాంటిది. ప్రపంచమంతటా దీన్ని వాడేవాళ్లలో ఎక్కువమంది ఆ పత్రికను ఎప్పుడూ చూసి ఉండరు. పుటల మీద చెక్‌సమర్ చేసిన పనే ఇక్కడా జరుగుతోంది.

ఇక ఈ చదువరుల బృందంలో లేనివాళ్ల సంగతి. త్సే-టే చదువరుల్లో మగవాళ్లే అత్యధికులు. అది రాసే తీరు కూడా వృత్తినిపుణుడికీ, పట్టు వదలని ఔత్సాహికుడికీ సరిపోయేది. కంప్యూటర్‌కు భయపడే గృహిణికీ, దుకాణదారుకీ కాదు. ఆ ఖాళీని హాంబుర్గ్‌లో ఆక్సెల్ ష్ప్రింగర్ సంస్థ పసిగట్టింది. 1996లో పుట్టిన 'కంప్యూటర్ బిల్డ్' ప్రతి మెట్టునూ బొమ్మలతో చూపించి, కొద్ది ఏళ్లలోనే పది లక్షల ప్రతులు దాటింది. త్సే-టే అభిమానులు దాన్ని చిన్నచూపు చూశారు. నాకది సబబనిపించదు. మొదటిసారి మౌస్ పట్టుకున్న మనిషికి చేయందించడం తక్కువ పనేమీ కాదు. కాకపోతే చదువరికి ఏం నొక్కాలో చెప్పడం వేరు, నొక్కినప్పుడు లోపల ఏం జరుగుతుందో చెప్పడం వేరు. ఒక భాషకు రెండూ కావాలి. జర్మన్ చదువరికి రెండూ దొరికాయి.

బెర్లిన్ గోడ కూలక ముందు తూర్పు జర్మనీలో పశ్చిమపు కంప్యూటర్ పత్రికలు అంగట్లో దొరికేవి కావు. బంధువులు తెచ్చిన సంచిక చేతులు మారేది. తూర్పు బెర్లిన్ యువజన కేంద్రంలో 1986 నుంచి నడిచిన కంప్యూటర్ క్లబ్బులో కమడోర్ 64లు ఉండేవి, రహస్య పోలీసుల కన్ను కూడా ఉండేది. అక్కడ చేతికందిన ఒక్కో సంచికను ఎంతమంది చదివి ఉంటారో! అమ్ముడైన ప్రతుల లెక్కకు అందని చదువరులు వాళ్లు.

మన వైపుకొస్తే, 'చిప్' పేరు ఇండియాలో ఇంగ్లిష్ పత్రికగా వచ్చింది. దాన్ని నడిపిన ముంబయి సంస్థే 2001లో 'డిజిట్' పేరుతో సాగింది. అట్టకు అంటించిన సీడీ కోసం హైదరాబాద్, విజయవాడ బస్టాండ్లలో దాన్ని కొన్న కుర్రాళ్లు నాకు తెలుసు. ఇంటర్నెట్ అంత తేలిగ్గా అందని రోజుల్లో ఆ సీడీయే వాళ్ల గ్రంథాలయం. తెలుగులో నల్లమోతు శ్రీధర్ సంపాదకత్వంలో 'కంప్యూటర్ ఎరా' అదే 2001 నుంచి మాసపత్రికగా వచ్చింది. ఇంగ్లిష్ రాని చదువరికి విండోస్ లోపలి గదులన్నీ తిప్పి చూపించిన పత్రిక అది. వీటి మీద మన విశ్వవిద్యాలయాల్లో లోతైన పరిశోధన జరగాలి. ఎవరు చదివారు, ఏ ఊళ్లో, చదివాక ఏ పని చేపట్టారు అన్నవి అడిగితే చెప్పగలిగే మనుషులు ఇంకా మన మధ్య ఉన్నారు.

త్సే-టే ఇవాళ్టికీ రెండు వారాలకొకసారి వస్తోంది. అమ్మకం మునుపటంత లేదు. ప్రకటనలు నెట్‌లోకి తరలిపోయాయి. సెబిట్ సంత 2018తో ముగిసింది. ఫోబిస్, ఎస్కోమ్ దుకాణాలు వీధుల్లో లేవు. పత్రిక మాత్రం చందాదారుల మీద నిలబడింది. ఎనభైల్లో పటం చూసి బోర్డు అతికించినవాళ్లలో చాలామంది ఇప్పుడు ఉద్యోగ విరమణ వయసులో ఉన్నారు. వాళ్ల పిల్లలు చదువుతారా లేదా అన్నదే ఇక దాని ముందున్న అసలు ప్రశ్న.

ఇక్కడున్న గ్రంథాలయాధికారులకు నాదొక కోరిక. మీ అటకల మీద పాత తెలుగు కంప్యూటర్ పత్రికలు, కంప్యూటర్ పేజీలున్న దినపత్రికల అనుబంధాలు ఉంటే తూకానికి వేయకండి. సంవత్సరాల వారీగా సర్ది, బైండు చేయించి, జాబితాలో చేర్చండి. లేని సంచికల పట్టీ కూడా రాసిపెట్టండి. ఎవరి ఇంట్లోనైనా అవి ఉండి ఉండవచ్చు.